బొమ్మ లండన్‌లో, మాట చెన్నైలో: మెకంజీ సేకరణలోని చిత్రాలను, కైఫీయతులను జతచేసి చదవడం

వ్యాససంగ్రహం:

కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణ తెలుగు ప్రాంతాల స్థానిక చరిత్రకు ప్రధానమైన ఆకరం. సాహిత్య పరిశోధకులు ఇందులోని కైఫీయతులను, కళాచరిత్రకారులు చిత్రాలను వేరువేరుగా వాడుకుంటున్నారు. ఒకే బృందం ఒకే పర్యటనలో తయారుచేసిన ఈ రెండు రకాల సామగ్రి, మెకంజీ మరణానంతరం జరిగిన పంపకంలో విడిపోయింది. ఆ పంపకం ఎలా జరిగింది, దానివల్ల అమరావతి వంటి స్థలాల అధ్యయనం ఏ మలుపు తీసుకుంది, నేడు లభిస్తున్న కైఫీయతు పాఠాన్ని ఏ జాగ్రత్తలతో స్వీకరించాలి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెకంజీ, కావలి సోదరులు, కైఫీయతు, దండకవిలె, అమరావతి, దీపాలదిన్నె, నకలు ప్రతులు, సి.పి. బ్రౌన్.

1. ఉపోద్ఘాతం:

చిత్రకారుడు థామస్ హికీ 1816లో గీసిన తైలవర్ణచిత్రం ఒకటి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఎర్రకోటు తొడుక్కున్న కల్నల్ కాలిన్ మెకంజీ నిలబడి ఉంటాడు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు ఉంటారు. ఒకరి చేతిలో దూరదర్శిని, మరొకరి చేతిలో తాళపత్ర గ్రంథం. వెనుక దూరంగా కొండమీద గోమటేశ్వర విగ్రహం కనిపిస్తుంది. దూరదర్శిని పట్టుకున్నవాడు కిష్టాజీ అనే జవాను అనీ, తక్కిన ఇద్దరిలో ఒకరు జైన పండితుడు ధర్మయ్య, మరొకరు కావలి వెంకట లక్ష్మయ్య అనీ పరిశోధకులు సాధారణంగా గుర్తిస్తున్నారు.

సర్వే పనిముట్టు, తాళపత్రం, పండితుడు, దూరపు శిల్పం ఒకే చట్రంలో ఇమిడిన అరుదైన బొమ్మ ఇది. మెకంజీ పనితీరుకు ఇంతకంటే సూటియైన దృశ్యసాక్ష్యం లేదు. కొలత, వినికిడి, చదువు, చిత్రలేఖనం ఆ బృందంలో వేరువేరు శాఖలు కావు. ఒక ఊరికి సర్వే మనుషులు వెళ్లినప్పుడే పండితుడూ వెళ్లేవాడు. శాసనానికి నకలు తీసుకునే చోటనే గుడి గోపురానికి బొమ్మ దిగేది. చిత్రం గీసిన ఐదేళ్లకే మెకంజీ మరణించాడు. ఆ తరువాత ఆ చట్రం లోపలి వస్తువులన్నీ తలొక ఊరికి చేరాయి.

ఈ చిత్రంలో లేని వ్యక్తి ఒకడున్నాడు. లక్ష్మయ్య అన్నగారైన కావలి వెంకట బోరయ్య. ఆయన 1803లోనే, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా, కన్నుమూశాడు. సేకరణకు పునాది వేసినవాడు ఆయనే.

2. పర్వతం నుంచి ప్రారంభం:

మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైనిక ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. మొదటి పదమూడేళ్లలో ఆయన యుద్ధాలలో, రహదారుల కొలతలలో తిరిగాడే గాని, దేశభాషలలో ఉన్న చరిత్రలోకి ప్రవేశం దొరకలేదు. ఆ కాలపు పరిమితి ఎటువంటిదో 1794లో ఆయన చేసిన శ్రీశైల యాత్రా వృత్తాంతం తెలుపుతుంది. 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ ఐదవ సంపుటంలో అచ్చయిన ఆ వ్యాసంలో క్షేత్రం పేరు ‘పెర్వుట్టం’ అని ఉంటుంది. శ్రీశైలాన్ని జనం ‘పర్వతం’ అనే పిలిచేవారు కనుక ఆయన చెవికి పడిన మాట అదే. ప్రాకారం గోడమీది శిల్పాలను ఆయన ఓపికగా వర్ణించాడు. గర్భగుడిలోకి ప్రవేశం లేదు కనుక అద్దంతో ఎండను లోపలికి ప్రసరింపజేసి లింగాన్ని దూరం నుంచి చూపించారు. చంద్రావతి కథను స్థానికులు చెప్పగా, మధ్యవర్తి మాట ద్వారా విన్నాడు. చూడడం వరకే ఆయనకు సాధ్యమైంది, చదవడం సాధ్యం కాలేదు.

1796లో సింహళ దండయాత్ర నుంచి తిరిగివచ్చిన తరువాత ఏలూరుకు చెందిన బోరయ్యతో పరిచయం కుదిరింది. అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు 1817 ఫిబ్రవరిలో రాసిన లేఖలో మెకంజీ ఈ పరిచయాన్ని తన జీవితంలోని మలుపుగా చెప్పుకున్నాడు. దేశభాషల పరిజ్ఞానం తనకు లేకపోవడాన్ని కూడా దాచలేదు. బోరయ్య అనేక భాషలు తెలిసినవాడు, ఎదుటివారి చేత మాట్లాడించే నేర్పు ఉన్నవాడు. రెండవదే ఎక్కువ ముఖ్యం. కొత్తగా వచ్చిన ప్రభుత్వపు మనిషికి తన తాళపత్రాల కట్ట విప్పి చూపడానికి ఏ కరణమూ, ఏ అర్చకుడూ తొందరపడడు. పన్ను పెంచుతారన్న భయం, మాన్యం పోతుందన్న అనుమానం రెండూ ఉండేవి. ఆ గుండెదడను మాటలతో తగ్గించి, కట్ట విప్పించినవాడు బోరయ్య.

1799లో టిప్పు పతనం తరువాత మొదలైన మైసూరు సర్వేలో ఈ పద్ధతి స్థిరపడింది. అదే ఏడాది చివర మెకంజీ హంపీ శిథిలాలను కొలిచి పటం తయారుచేశాడు. బోరయ్య తరువాత లక్ష్మయ్య ముఖ్య సహాయకుడయ్యాడు. మరో సోదరుడు రామస్వామి కూడా ఈ పనిలోనే ఎదిగాడు. నారాయణరావు, ఆనందరావు వంటివారు దత్తమండలాలలోనూ, ఇతర ప్రాంతాలలోనూ ఊరూరా తిరిగారు. తాము ఎక్కడికి వెళ్లిందీ, ఎవరిని కలిసిందీ, ఏది దొరికిందీ, ఏది ఇస్తామని చెప్పి ఇవ్వలేదో నివేదికలు పంపారు. కైఫీయతు ఎట్లా పుట్టిందో చెప్పే పత్రాలు ఈ నివేదికలే. తెలుగులో కైఫీయతుల మీద జరిగిన పరిశోధనలో వీటికి దక్కిన చోటు చాలా తక్కువ.

3. లక్ష రూపాయల పంపకం:

మెకంజీ 1810లో మద్రాసు సర్వేయరు జనరల్‌గా, 1815లో మొత్తం భారతదేశానికి సర్వేయరు జనరల్‌గా నియమితుడయ్యాడు. కొత్త పదవి కోసం కలకత్తా వెళ్తూ సేకరణను, లక్ష్మయ్యతో సహా కొందరు పండితులను వెంట తీసుకుపోయాడు. 1821 మే 8న అక్కడే మరణించాడు. పట్టిక తయారుచేసి సేకరణను లోకానికి అందించాలన్న కోరిక తీరలేదు. ఆయన భార్య దగ్గర నుంచి కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆ సామగ్రిని కొనుగోలు చేసింది.

పట్టిక తయారుచేసే పని సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ చేపట్టాడు. 1828లో కలకత్తాలో వెలువడిన ఆయన వివరణాత్మక సూచిలో ఉన్న లెక్క ప్రకారం సాహిత్య గ్రంథాల రాతప్రతులు 1,568, స్థానిక వృత్తాంతాలు 2,070, శాసనాల నకళ్లు 8,076, అనువాదాలు 2,159, పటాలు 79, చిత్రాలు 2,630, నాణేలు 6,218. ఇవికాక విగ్రహాలు 106, ఇతర పురావస్తువులు 40. విల్సన్‌కు దక్షిణాది భాషలు రావు. పండితులు రాసిపెట్టిన సంగ్రహాల మీద ఆధారపడి ఆయన ఈ సూచిని కూర్చాడు. గ్రంథం ముఖపత్రం మీద మాత్రం ఆయన పేరే ఉంది.

సామగ్రి ఎట్లా విడిపోయిందన్నది ఇక్కడ గమనించదగిన విషయం. చిత్రాలు, నాణేలు, ఇంగ్లీషు అనువాదాలు, కొంత గ్రంథ సామగ్రి 1820లలో విడతలుగా లండన్‌కు వెళ్లాయి. దక్షిణాది భాషలలోని స్థానిక వృత్తాంతాలు 1828లో మద్రాసుకు తిరిగివచ్చాయి. ఇంగ్లండ్‌లో చదవగలిగినవి, చూడగలిగినవి అక్కడికి పోగా, అక్కడ చదివేవారు లేనివి ఇక్కడికి చేరాయి. ఆనాటి అధికారుల దృష్టిలో ఇది సహజమైన, పొదుపైన ఏర్పాటే కావచ్చు. అయితే ఒక ఊరి గుడికి సంబంధించిన బొమ్మ ఒక ఖండంలో, ఆ గుడి కథ మరో ఖండంలో ఉండిపోవడానికి కారణం ఈ ఏర్పాటే.

మద్రాసుకు వచ్చిన భాగం కూడా స్థిమితంగా ఒకచోట ఉండలేదు. కోట కళాశాల గ్రంథాలయం, మద్రాసు లిటరరీ సొసైటీ అంటూ చేతులు మారి, చివరకు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో స్థిరపడింది. చిత్రాలు లండన్‌లో ఇండియా ఆఫీసు గ్రంథాలయం నుంచి నేటి బ్రిటిష్ లైబ్రరీకి సంక్రమించాయి.

4. దీపాలదిన్నె:

ఈ విభజన ఫలితాన్ని అమరావతి ఉదాహరణ స్పష్టంగా చూపిస్తుంది.

18వ శతాబ్దం చివరి దశకంలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టించాడు. కట్టడానికి ఇటుక, రాయి కావలసివచ్చింది. ఊరిపక్కన ఉన్న పెద్ద దిబ్బను తవ్వితే రెండూ దొరికాయి. చెక్కిన పాలరాయి వంటి తెల్లని ఫలకాలు బయటపడ్డాయన్న వార్త విని మెకంజీ 1798 ప్రాంతంలో అక్కడికి వెళ్లాడు. ఈ సందర్శన వృత్తాంతం ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో చోటు చేసుకుంది.

ఆ సంపుటాన్ని తెరిచి చూసినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. బోరయ్య ఒక జైన మతగురువు దగ్గర విని అనువదించిన జైనుల వృత్తాంతం కూడా అదే సంపుటంలో, అవే పుటల పరిసరాలలో ఉంది. అంటే అమరావతి మొదటిసారి అచ్చులోకి వచ్చింది జైన విషయాల నడుమ. మైసూరు సర్వేలో జైన స్థలాలు, జైన పండితులు ఆ బృందానికి కొత్తగా పరిచయమైన కాలమది. హికీ చిత్రంలో ధర్మయ్య నిలబడి ఉండడం, వెనుక గోమటేశ్వరుడు కనిపించడం కూడా ఆ ఆసక్తికే గుర్తులు. హిందూ దేవాలయ లక్షణాలకు లొంగని ప్రాచీన శిల్పం ఎదురైతే దాన్ని జైనంతో ముడిపెట్టి చూసే ధోరణి బృందంలో బలంగా ఉండేది. అది బౌద్ధ స్తూపమని పండితలోకం స్థిరపరచుకోవడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. నేటి జ్ఞానంతో దీన్ని తప్పుగా లెక్కగట్టడం సులభమే. ఆనాడు జైనులు పండితుల రూపంలో ఎదుట ఉన్నారు. దక్షిణదేశంలో బౌద్ధం గురించి చెప్పగల బౌద్ధుడు ఒక్కడూ ఎదురుపడలేదు.

1816లో మెకంజీ చిత్రకారులతో, సర్వేయర్లతో మళ్లీ అమరావతికి వచ్చాడు. ఈలోగా దిబ్బ నడుమ చెరువు తవ్వారు. ఫలకాలు చాలావరకు చెదిరిపోయాయి. మిగిలినవాటికి ఆయన బృందం చిత్రాలు గీయడం మొదలుపెట్టింది. బ్రిటిష్ లైబ్రరీలోని అమరావతి చిత్రాల సంపుటి ఈ పని ఫలితమే. హెన్రీ హామిల్టన్, న్యూమన్, మురుగేశ మొదలియారు, ప్యారీలాల్ వంటి చిత్రలేఖకుల పేర్లు ఈ చిత్రాలతో ముడిపడి ఉన్నాయి. కొన్ని బొమ్మల కింద గీసినవారి పేరు, తేదీ కూడా ఉంటాయి. సర్వే శిక్షణ పొందిన చేతులు కనుక కొలతలో, రేఖలో జాగ్రత్త ఎక్కువ. ముఖాలలో భావం కొంత బిగుసుకున్నా, తామర రేకుల లెక్క తప్పదు. తరువాత పగిలిపోయిన, కనబడకుండా పోయిన కొన్ని ఫలకాలకు నేడు మిగిలిన ఆధారం ఈ బొమ్మలే.

మెకంజీ కొన్ని ఫలకాలను అక్కడి నుంచి తరలించాడు కూడా. ఆ దారిలోనే తరువాతివారూ నడిచారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తెచ్చిన శిల్పాలలో పెద్దభాగం 1859లో లండన్‌కు వెళ్లింది. నేడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. శిల్పాన్ని రక్షించడం, స్థలాన్ని ఖాళీ చేయడం అమరావతి విషయంలో చాలాకాలం ఒకే పనిగా సాగాయి.

జేమ్స్ ఫెర్గూసన్ 1868లో వృక్షపూజ, సర్పపూజల మీద ప్రచురించిన బృహద్గ్రంథంలో సాంచీతోపాటు అమరావతి శిల్పాలను ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆయన ముందున్నవి రెండే ఆధారాలు: లండన్‌కు చేరిన ఫలకాలు, అక్కడే ఉన్న మెకంజీ చిత్రాలు. గుంటూరు సీమ ఊళ్ల కైఫీయతులు మద్రాసులో తెలుగులో ఉన్నాయి. అవి ఆయన కంటపడలేదు. పడినా చదవలేడు. ఆ లోపం కళాచరిత్రలో చాలాకాలం కొనసాగింది. శిల్పశైలి, బౌద్ధగాథలు, కాలనిర్ణయం చర్చలోకి వచ్చినంతగా, ఆ దిబ్బతో ఊరివాళ్లకు ఉన్న సంబంధం చర్చకు రాలేదు.

ఆ సంబంధానికి ఒక ఆనవాలు పటాల మీదా, మెకంజీ రాతలోనూ మిగిలింది. ఆయన మరణానంతరం 1823లో ఏషియాటిక్ జర్నల్‌లో వెలువడిన వ్యాసం శీర్షికలో మూడు పేర్లున్నాయి: అమరావతి, ‘డెపాల్‌దిన్నా’, ధరణికోట. మధ్యలోని మాట ఇంగ్లీషు పాఠకుడికి అర్థంలేని శబ్దం. తెలుగు తెలిసినవాడికి అది ‘దీపాలదిన్నె’. ఊరిజనం స్తూపాన్ని పిలుచుకున్న పేరు అది. స్తూపమనీ కాదు, జైనబస్తీ అనీ కాదు. దీపాలు వెలిగే, లేదా ఒకప్పుడు వెలిగిన, ఎత్తైన చోటుగానే వారికి అది గుర్తుంది. మతం మరచిపోయినా చోటు పవిత్రత పేరులో నిలిచింది. సర్వే పటంలోకి ఈ మాట ఎక్కడానికి కారణం పటం గీసినవారి పక్కన తెలుగు విన్నవాడొకడు ఉండడమే.

5. కరణం రాసిన చరిత్ర:

చెన్నైలో మిగిలిన సామగ్రికి కూడా తనదైన చిక్కు ఉంది. ‘కైఫీయతు’ అరబ్బీ నుంచి పారసీ మీదుగా తెలుగు కచేరీ భాషలోకి వచ్చిన మాట. స్థితిగతుల వివరణ, వాఙ్మూలం అని దానికి అర్థం. అంటే ఇది మొదటినుంచీ ఎవరో అడిగితే చెప్పిన సమాధానం. గుంటూరు ప్రాంతపు కైఫీయతులు మౌజే, పరగణా, సర్కారు పేర్లతో ప్రారంభమవుతాయి. ఊరికి పేరెట్లా వచ్చిందో, గుడి ఎవరు కట్టించారో, ఏ రాజు ఏ భూమి ఇచ్చాడో చెప్పుకుంటూ గజపతుల కాలం, కృష్ణదేవరాయల కాలం, గోలకొండ పాదుషాల కాలం దాటి, కొండవీటి సీమను మూడు వంట్లుగా జమీందార్లకు పంచిన ఘట్టం దగ్గర నిలుస్తాయి. అక్కడి నుంచి ఫసలీ సంవత్సరాలు ఒత్తుగా వస్తాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ముందుభాగంలో శాలివాహన శకం, వెనుకభాగంలో ఫసలీ ఉన్నాయంటే రచయిత రెండు వేర్వేరు కాగితాల కట్టలు ముందు పెట్టుకుని రాశాడన్నమాట.

ఆ కట్టలకే ‘కవిలె’ అని పేరు. కరణాల ఇళ్లలో తరతరాలుగా సాగిన గ్రామ లెక్కల, వృత్తాంతాల తాళపత్ర సంపుటాలివి. పాత రాజుల వరుసలు, దానాలు, మిరాశీలు నమోదైన ‘దండకవిలె’ను కైఫీయతులు తరచుగా పేర్కొంటాయి. మూల కవిలెలు చాలావరకు నశించాయి. కనుక నశించిన దండకవిలెకు కైఫీయతు ఒక పరోక్ష సాక్ష్యం.

అయితే సాక్షికి వ్యాజ్యంలో వాటా ఉంది. కొండవీటి సీమ కైఫీయతులలో పదేపదే ఎదురయ్యే ఒక ఘట్టం దీన్ని వివరిస్తుంది. గజపతుల మంత్రి గోపరాజు రామన్న శాలివాహన శకం 1067లో సూర్యగ్రహణ పుణ్యకాలంలో నియోగి బ్రాహ్మణులకు గ్రామ కరణీకాలు ఇచ్చాడని ఊరి తరువాత ఊరు చెబుతుంది. శ.శ. 1067 అంటే 12వ శతాబ్దం. కళింగ గజపతుల పాలన కొండవీడును తాకింది 15వ శతాబ్దంలో. మూడు వందల ఏళ్ల ఈ ఎడాన్ని అజ్ఞానంగా కొట్టివేస్తే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. కైఫీయతు చెప్పిన కరణం ఎవరు? రామన్న ఇచ్చినట్టు చెబుతున్న ఆ మిరాశీకి వారసుడు. అతడు చెబుతున్న కాలం ఏది? కంపెనీ ప్రభుత్వం 1802 నాటి రెగ్యులేషన్లతో శాశ్వత పైసలాను తెచ్చి, కరణం ఉద్యోగాన్ని కొత్త నియమాల కిందికి లాగుతున్న కాలం. తన హక్కు కంపెనీ కంటే, జమీందారు కంటే, తురకల కంటే పాతదని చెప్పుకోవలసిన అవసరం అతనికి నిన్నమొన్న కలిగింది. గ్రహణం, తిథి, వారం, సంవత్సర నామం ఇంత వివరంగా చెప్పడం దానశాసనపు పద్ధతి. శాసనం లేనిచోట శాసనపు భాషే ఆధారమైంది.

అందువల్ల కైఫీయతు 12వ శతాబ్దాన్ని గురించి చెప్పినదాని కంటే 19వ శతాబ్దపు తొలి దశకాల గురించి చెప్పకనే చెప్పినది ఎక్కువ నమ్మదగినది. ముక్కంటి మహారాజు, జనమేజయుడు ఇచ్చిన అగ్రహారాల కథలకూ ఇదే వర్తిస్తుంది. ఊరి చుట్టూ ఉన్న చెరువులు, తోటలు, పంటలు, కులాల వాటాల వివరాలకు మాత్రం ఈ సందేహం అంతగా అంటదు. తన కళ్లెదుట ఉన్న చెరువును కరణం లేదనలేడు.

6. ఏ ప్రతి చదువుతున్నాము?

మరొక చిక్కు ప్రతులకు సంబంధించినది. మద్రాసుకు తిరిగివచ్చిన కాగితాలు కొద్దికాలానికే పాడవడం మొదలయింది. సిరా వెలిసింది, కాగితం పెళుసెక్కింది. 1830ల చివర విలియం టేలర్ ఈ ప్రతులను పరీక్షించి మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌లో నివేదికలు ప్రకటించాడు. చెడిపోతున్న కొన్నింటికి కొత్త ప్రతులు రాయించాడు. సి.పి. బ్రౌన్ కూడా కైఫీయతులకు లేఖకులచేత నకళ్లు రాయించి సంపుటాలుగా కట్టించాడు. స్థానిక చరిత్రలుగా పేరుబడిన సంపుటాలు ఇవే. ఆ శ్రమ లేకపోతే ఈనాడు చదవడానికి పాఠమే మిగిలేది కాదు. బ్రౌన్ చేసిన ఉపకారాన్ని ఎంత చెప్పినా తక్కువే.

కాని నకలు నకలే. కైఫీయతుల వచనం 19వ శతాబ్ది ఆరంభపు వాడుకభాషకు విలువైన ఆధారమని భాషాశాస్త్ర దృష్టితో చేసిన అధ్యయనాలు తరచుగా పేర్కొంటాయి. సీమ ‘శీమ’ కావడం, వాక్యాలను ‘యెడల’, ‘గనుక’ అంటూ గొలుసుగా పేర్చడం, పారసీ రెవెన్యూ పదాలు తెలుగు విభక్తులతో కలిసిపోవడం ఇందుకు ఉదాహరణలు. ఈ లక్షణాలు ఊరి కరణానివా, మెకంజీ పంపిన గుమాస్తావా, కొన్ని దశాబ్దాల తరువాత మద్రాసులో కూర్చుని నకలు రాసిన లేఖకుడివా? మూలప్రతితో నకలును పోల్చకుండా దీనికి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. రెండూ మిగిలిన కైఫీయతులను ఎన్నుకుని, వర్ణక్రమాన్ని అక్షరం అక్షరం పోల్చే అధ్యయనం ఒక పిహెచ్.డి. సిద్ధాంతవ్యాసానికి సరిపోతుంది. ముద్రిత ప్రతులలో ఈ చిక్కు మరో మెట్టు పెరుగుతుంది. గుంటూరు, కడప ప్రాంతాల కైఫీయతులు ఇటీవలి దశాబ్దాలలో అచ్చయి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. వాటిలోని పేరావిభజన, విరామచిహ్నాలు సంపాదకులు చేర్చినవి. పాఠకుడి సౌకర్యానికి అవి అవసరమే. అయితే వాక్యనిర్మాణం మీద సిద్ధాంతం చేసేవారు ఆ చిహ్నాల మీద ఆధారపడరాదు.

7. పేర్ల చిక్కు:

విడిపోయిన బొమ్మను, మాటను మళ్లీ జతచేయడానికి దారి ఒక్కటే. అది ఆ పని చేసిన మనుషుల ద్వారా వెళ్తుంది. ఏ సహాయకుడు ఏ నెలలో ఏ పరగణాలో ఉన్నాడో నివేదికలు చెబుతాయి. చిత్రం మీది తేదీ, కైఫీయతు చివరి తేదీ, నివేదికలోని మజిలీ మూడూ కలిస్తే రెండు ఖండాలలోని కాగితాలు ఒకే రోజు పనిగా తేలుతాయి. బ్రిటిష్ లైబ్రరీ తన చిత్రాలలో అనేకం అంతర్జాలంలో ఉంచింది కనుక ఈ పోలిక ఇప్పుడు ప్రయాణం లేకుండానే ప్రారంభించవచ్చు.

అడ్డు తగిలేది వర్ణక్రమం. లండన్ సూచీలలో బోరయ్య ‘కావెల్లీ బోరియా’, లక్ష్మయ్య ‘లెచ్‌మియా’, నారాయణరావు ‘నర్రైన్ రో’. ఊళ్ల పేర్లకూ ఇదే గతి. పర్వతం ‘పెర్వుట్టం’ అయినట్టు, అమరావతి ‘అమ్రావుట్టీ’ అయింది. తెలుగు చెవి ఉన్న పరిశోధకుడు వీటిని బిగ్గరగా చదివితే చాలావరకు ఊరు దొరుకుతుంది. కంటితో మాత్రమే చదివే సూచీకారునికి దొరకదు. తెలుగు శాఖలలో ఉన్నవారు ఈ సేకరణకు చేయగల సేవ ఇతరులకు చేతకానిది కావడానికి కారణం ఇదే.

ఈ సేవను అర్హతగా గుర్తించని సందర్భం చరిత్రలో ఇదివరకే ఒకటి ఉంది. 1833 ప్రాంతంలో మద్రాసు హిందూ లిటరరీ సొసైటీని నెలకొల్పి దానికి అధ్యక్షుడైన లక్ష్మయ్య, మెకంజీ వదిలివెళ్లిన పనిని కొనసాగించడానికి తనకు అవకాశమివ్వాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఈ పనిలో ముప్ఫై ఏళ్లకు మించిన అనుభవం ఉంది. అభిప్రాయం చెప్పమని ప్రభుత్వం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీని అడిగింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ తదితరులున్న సంఘం, సామగ్రిని సేకరించడం వేరు, దాని నుంచి సిద్ధాంతాలు తీయడం వేరు అనీ, రెండవదానికి ఐరోపా పండితుని పర్యవేక్షణ కావాలనీ తేల్చింది. అవకాశం టేలర్‌కు దక్కింది. టేలర్ పట్టికలలో సంస్కృత, తమిళ, తెలుగు గ్రంథాల గురించి చేసిన కొన్ని నిర్ణయాలను తరువాతివారు తప్పుపట్టారు. బ్రౌన్ వంటి సమకాలికులకు కూడా ఆయన పద్ధతి నచ్చలేదు.

లక్ష్మయ్య తమ్ముడు రామస్వామి మాత్రం ఎవరినీ అడగకుండా 1829లోనే కలకత్తాలో దక్కను కవుల జీవితచరిత్రలను ఇంగ్లీషులో సొంతపేరుతో అచ్చువేయించాడు. గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగం తెలుగులో కవిచరిత్రలు రాయడానికి దశాబ్దాల ముందే ఈ పుస్తకం వెలువడింది. అందులో తన అన్న బోరయ్యకు కూడా ఒక అధ్యాయం కేటాయించాడు. హికీ చిత్రంలో చోటు దొరకని వ్యక్తి ఆ పుటలలో కనిపిస్తాడు, నన్నయ, తిక్కనల పంక్తిలో, కవిగా.